తుమ్ములు సరిసంఖ్యలో ఉండవలెను

గోవర్ధనం గారు పదకొండేళ్లుగా కూర్చునే నిద్రపోతున్నారు. ప్రభుత్వోద్యోగి కూర్చుని నిద్రపోతున్నాడనగానే వినేవాళ్లకి వేరే అర్థం తడుతుంది కనక ముందే చెప్పెయ్యాలి: ఆఫీసులో కాదు, ఇంట్లో.

ఆయన శాఖా గ్రంథాలయంలో లైబ్రేరియన్. ఉబ్బసం మనిషి. నడుం వాల్చగానే గుండెల మీద ఎవరో తిరగలి పెట్టినట్టయ్యేది. అంచేత గోడకి మూడు దిండ్లు చేరవేసి, వాటికి వీపానించి, తెల్లార్లూ అలాగే కూర్చునేవారు. పెళ్లిళ్లకి వెళితే విడిదింట్లో అందరూ బారులు తీరి పడుకునేవారు, ఈయనొక్కరే స్తంభానికి ఆనుకుని ఉండేవారు. ఎవరో కాపలాకి పెట్టిన మనిషనుకుని ఒకసారి ఆడపెళ్లివారు నగల పెట్టె తెచ్చి ఈయన ఒళ్లో పెట్టి వెళ్లిపోయారు. తెల్లారాక ఈయన అది తిరిగిచ్చి, కాళ్లు చాపుకుని పడుకున్న పెళ్లికొడుకు తాతగారి వంక చూసి నిట్టూర్చారు. ఆయనకి జీవితంలో ఇంకే కోరికా లేదు. అలా వెల్లకిలా పడుకోవాలి, అంతే.

ఎలర్జీ డాక్టరు రెహానా గారు ఆయన ముంజేతి మీద వరసగా చుక్కలు పెట్టి సూదితో గుచ్చి చూశారు. దుమ్ముకి ఏమీ కాలేదు, పుప్పొడికి ఏమీ కాలేదు. ఏడో చుక్క దగ్గర మాత్రం చెయ్యి మినపవడలా పొంగింది.

"పిల్లి," అన్నారు డాక్టరమ్మ. "మీకు పిల్లి పడదండి. ఇంట్లో ఉందా?"

"ఇంట్లో లేదండి. లైబ్రరీలో పాత పేపర్ల కట్టల మీద ఒకటి పడుకుంటూ ఉంటదండి."

"దాని వొంటి పొట్టు చాలు మీకు. ముందు దాన్ని అక్కణ్ణుంచి తరిమెయ్యండి. మీరు పీల్చే మందు ఆపకండి. ఇంకో పద్ధతి కూడా ఉంది. మీకు ఏ పదార్థం పడదో దాన్నే బాగా పలచన చేసి చర్మం కింద ఇస్తాం. వారం వారం కాస్త కాస్తా పెంచుకుంటూ పోతే ఒళ్లు అలవాటు పడుద్ది. సూది వేసినప్పుడల్లా అరగంట నా కళ్లెదురుగా కూర్చోవాలి. మూడేళ్లు పడుద్ది. మధ్యలో ఎక్కువ రోజులు ఆగితే మాత్రం మళ్లీ మొదటి సీసా నుంచే."

"మూడేళ్లయ్యాక పడుకోవచ్చాండి?"

"అందరికీ ఒకేలా పనిచెయ్యదు. మీకు పనిచేస్తుందనే నా నమ్మకం. పడుకోవచ్చు."

గోవర్ధనం గారికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సంతోషం కొద్దీ ఆ డాక్టరమ్మ చీటీని మూడు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, మర్నాడే జిల్లా ఉద్యోగుల ఆరోగ్య పర్యవేక్షక మండలికి బయల్దేరారు. ఉద్యోగులకి ఇలాంటి మందులు ఆ మండలి సంతకం పెడితేనే వస్తాయి. అదీ నెలనెలా పెట్టాలి.

మండలి సూపరింటెండెంటు త్రిపురసుందరి గారు. ఇరవయ్యారేళ్ల సర్వీసులో ఆవిడ గీత దాటి ఒక్క అక్షరం రాయలేదు. చీటీ చదివి, బీరువా తెరిచి, పసుపురంగు కాగితం ఒకటి తీసి, కళ్లజోడు సర్దుకున్నారు.

"కుక్క కరిచిన చోటు?"

"కుక్క కాదండి, పిల్లి. అదీ కరవలేదండి. నాకు పడదు, అంతే."

"జంతువు వల్లే కదండీ ఇంజెక్షన్లు?"

"ఆయ్."

"ఒకటి కంటే ఎక్కువా?"

"చాలా ఉన్నాయండి."

"అయితే ఇదే. నమూనా తొమ్మిది. జంతువు వల్ల వరస ఇంజెక్షన్లు పడే రోగానికి మా దగ్గరున్నది ఇదొక్కటే," అంటూ ఆవిడ ఎర్ర సిరా కలం తీసి, కాగితం మీద కుక్క అని ఉన్న చోటల్లా కొట్టేసి పిల్లి అని రాశారు. మొత్తం పదిహేడు చోట్ల. పదిహేడు చోట్లా పక్కన పొట్టి సంతకం కూడా పెట్టారు. "ఇప్పుడు చెప్పండి. కరిచిన చోటు?"

"కరవలేదని చెప్పాను కదండీ."

"గడి ఖాళీగా వదిలితే ఫైలు కదలదండి. మీకు బాధ ఎక్కడ మొదలవుద్ది?"

"ముక్కులోనండి."

"ముక్కు," అని రాసుకున్నారు. "గాయం లోతెంత?"

"గొంతులోంచి గుండెల దాకా పట్టేస్తుందండి."

"లోతైనది. జంతువును మీరు రెచ్చగొట్టారా?"

గోవర్ధనం గారు నిజాయితీపరుడు. బాగా ఆలోచించారు. "దాని కింద ఉన్న పేపర్లు లాగానండి ఓసారి. లేచి కోపంగా చూసింది."

"రెచ్చగొట్టబడినది. జంతువు ప్రస్తుతం ఎక్కడుంది?"

"తరిమేశానండి, డాక్టరు గారు చెప్పారని."

త్రిపురసుందరి గారి కలం ఆగిపోయింది. ఆవిడ లేచి కాగితం పట్టుకుని లోపలికి వెళ్లారు. అయిదు నిమిషాల్లో లోపలి నుంచి కబురొచ్చింది.

మండలి అధ్యక్షులు విశ్వంభరరావు గారు డాక్టరు కాదు. తూనికలు, కొలతల శాఖలో చాలాకాలం పనిచేసి వచ్చినవారు. ఏ విషయమైనా తూకం వెయ్యందే నమ్మేవారు కాదు.

"సదరు జంతువు పరారీలో ఉన్నదని మా దృష్టికి వచ్చినది," అన్నారాయన.

"పరారీ కాదండి, నేనే పంపేశాను."

"సాక్ష్యమును మీరే అదృశ్యము చేసితిరన్న మాట. చూడండి గోవర్ధనం గారూ, కుక్క కరిచినప్పుడు పది రోజులు ఆ కుక్కను కనిపెట్టుకుని ఉండాలా వద్దా?"

"ఉండాలంటారండి."

"అందుచేత చికిత్స పొందువాడు కారక జంతువును నిఘాలో ఉంచుకొనవలెనని నమూనా తొమ్మిది ఘోషించుచున్నది. చికిత్స ఎన్నాళ్లు?"

"మూడేళ్లండి."

"నిఘా మూడేళ్లు."

"అయ్యా, పిల్లి దగ్గరుంటే నాకు ఊపిరాడదనే కదండీ ఈ మందు! అది ఇంట్లో ఉంటే..."

విశ్వంభరరావు గారు చెయ్యెత్తి ఆపారు. "నమూనాలో లేని ప్రశ్నను అధికారి అడగరాదు. నమూనాలో లేని జవాబును అర్జీదారు చెప్పరాదు. మండలికి ఇది మూలసూత్రము. స్వయముగా నేనే రచించితిని. మీరు ప్రతి నెలా మొదటి శుక్రవారము జంతువును వెంటబెట్టుకుని వచ్చి, కారకము సజీవముగా ఉన్నదనియు, కారకత్వము కొనసాగుచున్నదనియు నిరూపించవలెను."

"కారకత్వం నిరూపించడం ఎలాగండి?"

"తుమ్మండి," అన్నారు అధ్యక్షులు.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే ఆయన భార్య మంగతాయారు గారు చేతిలో అట్లకాడ అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

"మీకేవన్నా మతి పోయిందా? ఆయాసంతో చస్తుంటే పిల్లిని తెచ్చి పెంచుతారా?"

"పెంచకపోతే మందివ్వరే."

"మందెందుకు?"

"పిల్లి పడదని."

మంగతాయారు గారు ఇంకేమీ అడగలేదు. ఆవిడ కూడా ఒకప్పుడు ఇంటిపన్ను పేరు బదిలీ కోసం పంచాయతీ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగిన మనిషే. పాలగిన్నె పట్టుకుని లైబ్రరీ వెనక సందులోకి వెళ్లి, తెల్లటి పిల్లిని చంకనేసుకుని వచ్చారు. వెనక వసారాకి దోమతెర కట్టి, దాన్ని అందులో ఉంచి, గోవర్ధనం గారు అటు తొంగి చూడకూడదని ఆంక్ష పెట్టారు. వచ్చిన రోజే అది ఆవిడ దాచుకున్న మీగడంతా నాకేసింది కనక దానికి మీగడ అని పేరు పెట్టారు.

డాక్టర్ రెహానా గారు ఈ కథ విని కుర్చీలోంచి లేచారు. "దూరంగా ఉండమంటే ఇంటికి తెచ్చుకుంటారా! వాళ్లకి నేను ఉత్తరం రాస్తాను," అని నాలుగు పేజీలు రాశారు. పది రోజులకి మండలి నుంచి జవాబొచ్చింది: "తమ లేఖ నమూనాలో లేదు." ఆవిడ తల పట్టుకుని కూర్చుని, శుక్రవారాల్లో గుమ్మం దాటే ముందు ఏ మందు పీల్చాలో, పిల్లి దగ్గర ఎంతసేపటికి మించి ఉండకూడదో, ఏమైతే పరిగెత్తుకు రావాలో రాసిచ్చారు.

మొదటి శుక్రవారం వచ్చింది. గోవర్ధనం గారు పిల్లి బుట్ట పట్టుకుని లోపలికి వెళ్లారు. విశ్వంభరరావు గారు ముందు జంతువు గుర్తులు సరిచూశారు. అది తరవాత మారిపోకుండా మీసాలు ఎన్నో లెక్కపెట్టి, చెవి వెనక నల్లమచ్చని భూతద్దంతో చూసి, ఆ పని ఎవరికీ అప్పగించరానిదని తన చేత్తోనే కొలతలు రాసుకున్నారు. తరవాత కలం మూత తీసి, కాగితం మీద ఆనించబోతుండగా గోవర్ధనం గారు తుమ్మారు.

అధ్యక్షులు కలం కింద పెట్టేశారు.

"అదేంటండి? తుమ్మమన్నారు కదా, తుమ్మాను," అన్నారు గోవర్ధనం గారు ముక్కు తుడుచుకుంటూ.

"తుమ్మారు, బాగానే ఉంది. సంతకం పెట్టబోతుంటే తుమ్ముతారా? శుభమా అని మొదటి సంతకం!" అని ఆయన కూర్చున్న చోటే కాళ్లు సర్దుకుని మంచినీళ్లు తాగారు. త్రిపురసుందరి గారూ తాగారు. పది నిమిషాలు ఆగి మళ్లీ కలం ఎత్తారు. గోవర్ధనం గారు తుమ్మారు. మళ్లీ మంచినీళ్లు. అయిదో మాటు నీళ్లు తాగేసరికి రాహుకాలం ప్రవేశించింది, మండలి ఆ పూటకి లేచిపోయింది.

తుమ్మకపోతే రోగం లేదు, తుమ్మితే సంతకం లేదు. డాక్టరమ్మ తెప్పించి ఉంచిన మొదటి సీసా గడువు ఇంక రెండు రోజులే ఉంది. గోవర్ధనం గారు వరండాలో బల్ల మీద కూర్చుని ఆయాసపడుతుంటే త్రిపురసుందరి గారికి జాలేసింది. ఆవిడ జాలి కూడా గీత దాటదు. లోపలికి వెళ్లి, "ఒంటి తుమ్మే కదండీ మంచిది కాదు. వెంటనే ఇంకోటొస్తే దోషం పోద్ది. మా మావగారు రెండు తుమ్ములు పడ్డాకే ప్రయాణం కట్టేవారు," అన్నారు.

విశ్వంభరరావు గారి ముఖం వికసించింది. ఆ సాయంత్రమే తీర్మానం టైపయింది: "కారకత్వ నిరూపణార్థము అర్జీదారు సమర్పించు తుమ్ములు సరిసంఖ్యలో ఉండవలెను." నమూనా తొమ్మిది అడుగున రెండు గడులు కొత్తగా చేరాయి. ఒకటి: తుమ్ము వినబడినదా? రెండు: సంఖ్య.

అప్పట్నుంచీ మొదటి శుక్రవారాలు ఒక వేడుకైపోయాయి. గోవర్ధనం గారు ఆరు తుమ్మి ఆపుకుంటే హాలంతా హమ్మయ్య అనేది. ఏడోది తన్నుకొస్తే వరండాలో జనం ఎనిమిదో దాని కోసం ఊపిరి బిగబట్టేవారు. "కానివ్వండి గోవర్ధనం గారూ, ఇంకొక్కటి!" అని లేచి నిలబడేవారు.

ఎందుకంటే ఇప్పుడు వరండా నిండా జనమే. తీర్మానానికి జిల్లాలో మంచి పేరొచ్చి, అన్ని రకాల ఎలర్జీలకీ నమూనా తొమ్మిదే వర్తిస్తుందని మండలి ప్రకటించింది. దుమ్ము పడని హెడ్ కానిస్టేబుల్ అప్పలస్వామి గారు నెలనెలా తన పడగ్గది దుమ్ముని గోనెసంచీలో మోసుకొచ్చేవారు. "ఎనిమిది నెలలై మా ఆవిడ ఆ గది ఊడవలేదండి. చీపురు ముట్టుకుంటే సాక్ష్యం చెరిపినట్టేనని నోటీసిచ్చారు," అని దగ్గుతూ చెప్పేవారు. వయ్యారిభామ కలుపుమొక్క పడని టైపిస్టు లలితకుమారి దాన్ని కుండీలో పెంచి, పువ్వు రాలకుండా గొడుగు పట్టి తెచ్చేది. "నీళ్లు పొయ్యకపోతే ఎండిపోద్దండి. ఎండిపోతే నా మందు ఆగిపోద్ది," అనేది దిగులుగా. వరండా నేల మీద ఎవరి దుమ్ము ఎవరిదో తెలియదు కనక ఊడ్చే మనిషిని లోపలికి రానివ్వడం మానేశారు. ఎవడో పొడుం పీల్చి దొంగతుమ్ము తుమ్మాడని తెలిశాక ప్రతి ముక్కులోకీ టార్చిలైటు వేసి చూడ్డం మొదలైంది. విశ్వంభరరావు గారు ఇవన్నీ ఎంతో శ్రద్ధగా, ఒక్కటీ వదలకుండా, స్వయంగా దగ్గరకి తీసుకుని పరీక్షించేవారు. శుక్రవారాల్లో ఆయన కళ్లు కాస్త ఎర్రబడుతుండేవి. ఫైళ్ల ఒత్తిడి అనేవారు.

ఇంత గలభాలోనూ డాక్టర్ రెహానా గారి సూది తన పని తాను చేసుకుపోయింది. వారానికోటి కాస్తా నెలకోటి అయ్యింది. గోడకున్న మూడు దిండ్లు రెండయ్యాయి, తరవాత ఒకటయ్యింది.

రెండో ఏడు చివర్లో ఒక ఆదివారం భోజనాలయ్యాక మంగతాయారు గారు వంటిల్లు కడుక్కుని ముందుగదిలోకి వచ్చేసరికి గోవర్ధనం గారు చాప మీద వెల్లకిలా పడి ఉన్నారు. చేతులు రెండూ పక్కకి వాలిపోయి ఉన్నాయి. పదకొండేళ్లు పోయి పదమూడేళ్లయింది ఆవిడ ఆయన్ని అలా చూసి. చేతిలో చెంబు వదిలేసి మీద పడి భుజాలు పట్టుకు కుదిపేశారు.

"ఏవండీ! ఏవండీ! అయ్యో, ఏవండీ!"

గోవర్ధనం గారు ఉలిక్కిపడి లేచారు. "ఏవైందే? ఏవైంది?"

"పడుకున్నారు!"

"ఆఁ?"

"పడుకున్నారండీ మీరు!" అని ఆవిడ భోరుమన్నారు.

అప్పుడు చూశారిద్దరూ. ఆయన గుండెల మీంచి దిగి, నిద్ర చెడగొట్టినందుకు విసుగ్గా ఒళ్లు విరుచుకుంటోంది మీగడ. దోమతెర ఎప్పుడు దాటిందో, ఎంతసేపట్నుంచి అక్కడ పడుకుందో తెలీదు. గోవర్ధనం గారు ముక్కు తడుముకున్నారు. తుమ్ము లేదు. ఆయాసం లేదు. మెల్లగా దాని తల మీద చెయ్యి వేశారు. రెండేళ్లు బుట్టలో మోశారు గానీ దాన్ని నిమరడం అదే మొదటిసారి. ఎంత మెత్తగా ఉందీ అని ఆయన ఆశ్చర్యపోయారు.

డాక్టరమ్మ కూడా సంతోషించారు గానీ వేలు చూపించి మరీ చెప్పారు. "ఇంకో ఏడాది తప్పకుండా చెయ్యాలి. ఇప్పుడు ఆపేశారో, మళ్లీ గోడా దిండ్లే."

ఆ తరవాత వచ్చిన మొదటి శుక్రవారం గోవర్ధనం గారు మీగడని ఒళ్లో పెట్టుకుని మండలి ముందు పావుగంట కూర్చున్నారు. ఏమీ రాలేదు. వరండాలోంచి అప్పలస్వామి గారు, "ఏంటి గోవర్ధనం గారూ, ఆలస్యం?" అని కేకేశారు.

"కారకత్వము నశించినది," అన్నారు విశ్వంభరరావు గారు.

"నశించలేదు సార్, తగ్గుతోందండి. మందు పనిచేస్తోంది. ఇంకో ఏడాది..."

"తగ్గినచో మందు అనవసరము. తగ్గనిచో మందు నిష్ప్రయోజనము. మీరు తుమ్మినంత కాలము మండలి మిమ్ములను విశ్వసించినది. ఇక పదిహేడో గడి. చదవండి త్రిపురసుందరి గారూ."

ఆవిడ చదివారు. "నిఘా ముగిసిన కుక్కను, క్షమించాలి, పిల్లిని మున్సిపాలిటీ బండికి అప్పగించవలెను."

గోవర్ధనం గారు మీగడని గుండెలకి హత్తుకున్నారు. మీగడ ఆయన చొక్కా గుండీతో ఆడుకుంటోంది. ఆయన ముఖం చూసి త్రిపురసుందరి గారు కాగితం తిరగేసి, "నిరూపణకి వారం గడువు ఇవ్వొచ్చని ఉందండి," అన్నారు. అలా ఒక్క వారం దొరికింది.

ఆ వారం ఆ ఇంట్లో ఒకటే సాధన. మంగతాయారు గారు ఎండుమిరపకాయలు మాడిస్తే వీధి వీధంతా తుమ్మింది, గోవర్ధనం గారు కూడా తుమ్మారు. కానీ మండలిలో మిరపకాయలు మాడ్చనివ్వరు, ముక్కులో ఏం పెట్టుకెళ్లినా టార్చికి దొరికిపోతారు. అంచేత ఉత్తుత్తి తుమ్ము నేర్చుకోవాల్సి వచ్చింది. పదమూడేళ్లు ఆగమన్నా ఆగని తుమ్ము ఇప్పుడు బతిమాలినా రావడం లేదు.

"అది దగ్గులా ఉందండి."

"ఇదో?"

"ఎవర్నో అదిలించినట్టుంది. ఇంకాస్త లోపల్నుంచి రావాలి."

"లోపల ఏమీ లేదే తాయారూ!" అన్నారాయన నీరసంగా.

ఆవిడ మీగడని దగ్గరకి లాక్కుని, "దీన్ని బండెక్కిస్తే నేనూ ఎక్కుతాను. ఏం చేస్తారో చెయ్యండి," అన్నారు.

శుక్రవారం వరండా కిక్కిరిసిపోయింది. అప్పలస్వామి గారు గోనెసంచీ పక్కన పెట్టి, లలితకుమారి కుండీ చంకన పెట్టుకుని, అందరూ కిటికీలకి అతుక్కున్నారు. మున్సిపాలిటీ బండి గేటు దగ్గర నిలబడి ఉంది. అటెండరు టార్చి వేసి గోవర్ధనం గారి ముక్కు నిర్దోషి అని తేల్చాడు. పది నిమిషాల గడువు మొదలైంది.

తొమ్మిదో నిమిషంలో గోవర్ధనం గారు కళ్లు మూసుకుని, కులదైవాన్ని తలుచుకుని, సాధన చేసిందంతా కూడగట్టి తుమ్మారు.

త్రిపురసుందరి గారు కలం ఎత్తలేదు. ఇరవయ్యారేళ్ల సర్వీసు పోయి ఇరవయ్యెనిమిదేళ్ల సర్వీసు ఆవిడది. బాధగానే అన్నారు. "ఇది మీ తుమ్ము కాదండి. మీ తుమ్ము నాకు తెలుసు."

"అసత్య తుమ్ము," అన్నారు అధ్యక్షులు. "జంతువును ఇటు తెండి. అప్పగించే ముందు గుర్తులు చివరిసారి సరిచూడవలెను."

గోవర్ధనం గారికి ఇవ్వబుద్ధి కాలేదు. ఆయన ఇవ్వకుండానే మీగడ ఒళ్లోంచి దూకి, బల్లెక్కి, తన ఫైలు మీదే చుట్టచుట్టుకుని కూర్చుంది. విశ్వంభరరావు గారు భూతద్దం తీసి దాని మీసాల మీదకి వంగారు. మీగడ విసుగ్గా ఒళ్లు దులుపుకుంది.

ఒకటి, రెండు, మూడు అని అంకెలేస్తున్నట్టు ఆయన ముఖం మారుతూ వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి. భూతద్దం కింద పెట్టారు. రుమాలు కోసం జేబు తడుముకున్నారు, దొరకలేదు.

హాచ్!

త్రిపురసుందరి గారు కలం ఎత్తారు. "వినబడినదా, వినబడినది. సంఖ్య, ఒకటి."

"అది రాయకండి! అది నాది," అన్నారు అధ్యక్షులు ముక్కు నొక్కిపట్టుకుని.

"ఎవరిదని గడిలో లేదండి. నమూనాలో లేని ప్రశ్న అధికారి అడగరాదని తమరే రాశారు," అన్నారావిడ, ఎప్పటి గొంతుతోనే. "ప్రస్తుతం బేసిలో ఉందండి. దోషం."

విశ్వంభరరావు గారు రెండోది రాకుండా శాయశక్తులా ఆపుకున్నారు. ముఖం కందగడ్డయింది. గోవర్ధనం గారు చేతులు జోడించి ఆయన ముక్కు వంకే చూస్తున్నారు. కిటికీలోంచి అప్పలస్వామి గారు ఉండబట్టలేక, "కానివ్వండి సార్, ఇంకొక్కటి!" అన్నారు.

రెండోది వచ్చింది. దాని వెనకే మూడోది వచ్చింది. వరండాలో జనం లెక్క అందుకున్నారు. ఏడు, ఎనిమిది, తొమ్మిది! పదమూడు దగ్గర ఆయన ఆగి, బల్ల పట్టుకుని, ఊపిరి కోసం నోరు తెరిచారు. ఎవరూ కదలలేదు. మీగడ తోక ఆయన మోచేతికి తగిలింది.

"పద్నాలుగు!" అంది హాలంతా.

"సరిసంఖ్యండి," అని త్రిపురసుందరి గారు ఫైలు ఆయన ముందుకి జరిపారు. కళ్లల్లోంచీ ముక్కులోంచీ ధారలు కారుతుండగా విశ్వంభరరావు గారు సంతకం పెట్టారు. తరవాతి నెలల సంతకాలూ అలాగే జరిగిపోయాయి.

రెండు నెలలు తిరిగేసరికి ఒక శుక్రవారం ఉదయం వరండాలో వరసలో ఒక కొత్త మనిషి నిలబడ్డారు. ముఖం పీక్కుపోయి ఉంది. ముంజేతి మీద ఏడో చుక్క దగ్గర మినపవడంత పొంగు. చేతిలో డాక్టర్ రెహానా గారి చీటీ.

"త్రిపురసుందరి గారూ, నేనండీ," అన్నారు విశ్వంభరరావు గారు మెల్లగా. "నాలుగు రోజులై పడుకోలేదు. గోడకి ఆనుకుని కూర్చుంటున్నాను."

గోవర్ధనం గారు వెంటనే లేచి తన బల్ల మీద చోటిచ్చారు. "మూడు దిండ్లు పెట్టుకోండి సార్, నడుం నెప్పెట్టదు," అని నిజంగానే జాలిగా చెప్పారు.

త్రిపురసుందరి గారు బీరువా తెరిచి పసుపురంగు కాగితం తీశారు. ఎర్ర సిరా కలం తీశారు.

"మనం దీన్ని మార్చెయ్యొచ్చు కదండీ," అన్నారు విశ్వంభరరావు గారు.

"మార్చడానికి అధ్యక్షుల సంతకం కావాలండి. అర్జీ పెట్టుకున్నవారు అధ్యక్షులుగా సంతకం పెట్టరాదండి. అయిదో తీర్మానం," అంటూ ఆవిడ కుక్కల్ని కొట్టుకుంటూ పోయారు. "కరిచిన చోటు?"

ఆయన వరండా వంక చూశారు. గోనెసంచీ, కుండీ, బుట్ట, అన్నీ ఆయన వంకే చూస్తున్నాయి.

"ముక్కు."

"గాయం లోతైనది. జంతువు ఎక్కడుంది?"

ఆయన ఆశగా గోవర్ధనం గారి బుట్ట వైపు తిరిగారు. గోవర్ధనం గారు బుట్టని రెండు చేతుల్తోనూ దగ్గరకి లాక్కున్నారు. "ఇది నా నిఘాలో ఉందండి. ఇంకా పది నెలలుంది."

"తమరు వేరే పిల్లిని చూసుకోవాలండి," అని త్రిపురసుందరి గారు కాగితం పై నుంచి కిందికి ఒకసారి సరిచూసుకున్నారు. "ఒక గడి మిగిలిపోయింది. జంతువును మీరు రెచ్చగొట్టారా?"

విశ్వంభరరావు గారు ముంజేతి మీద పొంగు గోక్కున్నారు. బుట్ట మూతలోంచి మీగడ తల పైకి పెట్టి ఆయన్నే చూస్తోంది.

"రెచ్చగొట్టానండి," అన్నారు.

ఆవిడ రాసుకున్నారు.